పక్కింటి చైనీస్ అమ్మాయికి ఇంగ్లీషు గ్రామర్, ప్యాసేజీలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

సుమతి_సుజౌ

అందరికీ నమస్కారం. మావారి ఉద్యోగం కారణంగా మేం చైనాలో, సుజౌలో ఉంటున్నాం. మా ఎదురు ఫ్లాట్‌లో పదిహేడేళ్ల అమ్మాయి ఉంది. గావ్ సాన్ చదువుతోంది, అంటే మన ఇంటర్ సెకండియర్. వచ్చే జూన్‌లో గావ్‌ఖావ్, అంటే ఇక్కడి యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష, రాయాలి. మొన్న వాళ్లమ్మ నన్ను లిఫ్ట్‌లో పట్టుకుంది. "మీకు ఇంగ్లీషు బాగా వచ్చు కదా, ఆదివారం ఒక గంట మా అమ్మాయిని కూర్చోబెట్టుకోండి" అని ఫోన్‌లో అనువాదం చేసి చూపించింది. కాదనలేకపోయాను.

అసలు కష్టం ఇప్పుడు మొదలైంది. నేను పది దాకా నూజివీడులో తెలుగు మీడియం. ఉద్యోగంలో చేరాక మాట్లాడగా మాట్లాడగా ఇంగ్లీషు వచ్చింది గానీ గ్రామర్ పేర్లు ఒక్కటీ గుర్తులేవు. మొదటి రోజే ఆ పిల్ల ఒక వాక్యం మీద వేలు పెట్టి "ఇక్కడ నాన్ ఫైనైట్ వెర్బ్ ఎందుకొచ్చింది?" అని అడిగింది. మంచినీళ్లు తెస్తానని వంటింట్లోకి వెళ్లిపోయాను.

చిత్రమేమిటంటే గ్రామర్ ఖాళీలు పదికి తొమ్మిది సరిగ్గా నింపుతుంది. ప్యాసేజీ ఇచ్చి ప్రశ్నలు అడిగితే సగం తప్పులు. మాటలు తెలియకా అంటే కాదు, నాకంటే ఎక్కువ మాటలు వచ్చు దానికి. మరి ఎందుకిలా?

కిరణ్_నాన్‌చాంగ్

అక్కా, నేను ఇక్కడ ఎంబీబీఎస్ ఆఖరి సంవత్సరం. మా హాస్టల్ పక్కనే పెద్ద హైస్కూలు, ఈ పరీక్ష గోల రోజూ చూస్తుంటాను. ముందు పేపరు ఎలా ఉంటుందో తెలుసుకోండి. ఇంగ్లీషుకు 150 మార్కులు, చైనీసుకీ లెక్కలకీ ఎంతో దీనికీ అంతే. జూన్ 8 మధ్యాహ్నం 3 నుంచి 5 దాకా. వినికిడి 30, చదవడం 50, క్లోజ్ (ప్యాసేజీలో ఖాళీలకు సరిపోయే మాట ఎంచుకోవడం) 15, మీరన్న గ్రామర్ ఖాళీలు 15, రాయడం 40.

గ్రామర్ ఖాళీకి ఒకటిన్నర మార్కు. ఒకటే తప్పు చేస్తోందంటే పోయింది ఒకటిన్నర. చదవడంలో ప్రశ్నకు రెండున్నర, మొత్తం 20 ప్రశ్నలు. సగం తప్పంటే 25 మార్కులు గల్లంతు! కాబట్టి ఆ నాన్ ఫైనైట్ (వాక్యానికి అసలు క్రియ కాని క్రియారూపం) గొడవ వాళ్ల బళ్లో సార్లకు వదిలేయండి. వాళ్లు దాన్ని 'ఫెయ్ వెయ్‌యూ' అని వందసార్లు చెప్పే ఉంటారు. మీ గంట మొత్తం ప్యాసేజీలకే పెట్టండి.

ఇంకోటి. డబ్బులు మాత్రం తీసుకోవద్దు. మీది డిపెండెంట్ వీసా అయితే ఇక్కడ పని చేయకూడదు. పైగా 2021 జులైలో 'ష్వాంగ్ జియెన్' అని కొత్త విధానం తెచ్చి, బడి పాఠాలకు లాభం కోసం నడిపే ట్యూషన్ల మీద గట్టిగా పడ్డారు. ఇరుగుపొరుగు సాయంగా ఉంటేనే మంచిది.

తెనాలి_మాష్టారు

అమ్మా సుమతీ, ముప్పై రెండేళ్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఏ దేశం పిల్లలైనా పునాది ఒకటే. పన్నెండు టెన్సులు, వాయిస్, డైరెక్ట్ ఇండైరెక్ట్ వరసగా చేయించు. రెండు నెలల్లో ప్యాసేజీ దానంతటదే అర్థమవుతుంది.

రాధిక_తార్నాక

మాష్టారూ, మీమీద గౌరవంతోనే ఒప్పుకోలేకపోతున్నాను. ఖాళీలు నింపడం వచ్చిన పిల్లకు టెన్సులు మళ్లీ చెప్పడం అంటే ఈత వచ్చినవాణ్ని ఒడ్డున కూర్చోబెట్టి చేతులు ఊపించడమే.

నేను హైదరాబాద్ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో ఎమ్మే చేశాను. అప్పట్లో మా హాస్టల్లో చైనీస్ నేర్చుకునే స్నేహితులు ఇద్దరు ఉండేవారు. వాళ్ల పుస్తకాలు తిరగేస్తుంటే నాకు తట్టిన సంగతి ఇది. సుమతి గారూ, ఈ విషయంలో మీ తెలుగు మీడియమే మీకు పెట్టుబడి.

ఒక వాక్యం చూడండి: "ది ఓల్డ్ మ్యాన్ హూ సోల్డ్ ది బైసికిల్ దట్ మై ఫాదర్ హ్యాడ్ రిపేర్డ్ లివ్స్ నియర్ ది కెనాల్." దీన్ని తెలుగులో చెప్పండి. "మా నాన్న బాగుచేసిన సైకిల్ అమ్మిన ముసలాయన కాలువ దగ్గర ఉంటాడు." ఇంగ్లీషులో ముసలాయన ముందొచ్చాడు, ఆయన సంగతులన్నీ వెనకాల రైలుపెట్టెల్లా వచ్చాయి. మనకు ఇంజను చివర్న ఉంది. ముందు నాన్న, తరవాత సైకిల్, ఆ తరవాత ముసలాయన.

చైనీస్‌లోనూ అంతే! 'దె' అనే చిన్న మాట పెట్టి, విశేషణమంతా నామవాచకానికి ముందే కూరేస్తారు. మన 'బాగుచేసిన' చివర ఉన్న 'ఇన' ఏ పని చేస్తుందో ఆ 'దె' అదే పని చేస్తుంది.

మరి తిరకాసు ఎక్కడంటే, మామూలు వాక్యంలో చైనీస్ నడక ఇంగ్లీషు లాంటిదే. 'నేను తింటాను అన్నం' అన్న వరస. మనకు అలా కాదు, క్రియ చివరికి పోతుంది. అందుకని చైనీస్ పిల్లలు చిన్న వాక్యాల్లో హాయిగా నడిచిపోతారు, ఇది మన దారే అనుకుంటారు. నామవాచకం వెనక తోక మొదలయ్యేసరికి కాలు జారుతుంది. ఆ వాక్యం ఇచ్చి, కాలువ దగ్గర ఉండేది ఎవరని అడిగి చూడండి.

సుమతి_సుజౌ

రాధిక గారూ, ఇప్పుడే రాసి పంపాను. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. "నీ తండ్రి" అంట!

రాధిక_తార్నాక

చూశారా. 'లివ్స్'కు ఆనుకుని ఉన్న మనిషి 'ఫాదర్' కాబట్టి ఆయన్నే పట్టుకుంది.

వాళ్ల బళ్లో ఇలాంటివాటికి 'ఛాంగ్ నాన్ జ్యూ' అని పేరే ఉంది. పొడుగూ కష్టమూ అయిన వాక్యం అని అర్థం. దానికి నేను వాడే చిట్కా చెప్తాను. ముందు క్రియలు లెక్కపెట్టించండి: సోల్డ్, హ్యాడ్ రిపేర్డ్, లివ్స్, మూడు. తరవాత అతికే మాటలు: హూ, దట్, రెండు. ఒక్కో అతుకు ఒక్కో క్రియను తీసుకుపోతుంది. మిగిలిన ఒక్క క్రియే అసలుది. అప్పుడు 'ఎవరు' అని వెనక్కి అడగమనండి. 'హూ' దగ్గర పెన్సిలుతో బ్రాకెట్ తెరిచి, 'లివ్స్' ముందు మూసేస్తే ముసలాయన, కాలువ పక్కపక్కకు వచ్చేస్తారు.

ఇందాక ఆ అమ్మాయి అడిగిన నాన్ ఫైనైట్ కూడా ఇక్కడిదే. 'ది బైసికిల్ రిపేర్డ్ బై మై ఫాదర్' అన్నప్పుడు అతుకు మాట కనిపించదు. ఖాళీ ఇచ్చి నింపమంటే ఆమె 'రిపేర్డ్' అని సరిగ్గా రాస్తుంది. అదే ప్యాసేజీలో చదువుతూ పోయేటప్పుడు దాన్ని అసలు క్రియ అనుకుని, సైకిలే ఏదో బాగుచేసిందని అర్థం చేసుకుంటుంది. గ్రామర్ వచ్చు, వాడాల్సిన చోట గుర్తుకు రాదు. అంతే తేడా.

తెనాలి_మాష్టారు

సరే, ఓడిపోయాను. క్రియల లెక్క బాగుంది. ముప్పై రెండేళ్లలో నాకు తట్టలేదు, ఇక్కడి మనవరాలి మీద ప్రయోగిస్తాను. టెన్సులు అక్కర్లేదంటే మాత్రం ఒప్పుకోను.

పద్మ_సింగపూర్

టెన్సు సంగతి వచ్చింది కాబట్టి నేనూ ఒక చెయ్యి వేస్తాను. ఇక్కడ ఒక ట్యూషన్ సెంటర్లో పదకొండేళ్లుగా ప్రైమరీ పిల్లలకు ఇంగ్లీషు చెప్తున్నాను. నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇంట్లో చైనీస్ మాట్లాడేవాళ్లే.

చైనీస్ క్రియకు రూపం మారదు. నిన్నా నేడూ రేపూ ఒకటే మాట. బదులుగా 'లె' అని ఒకటుంది, పని అయిపోయిందని చెప్పడానికి. పిల్లలు దాన్ని పాస్ట్ టెన్స్ అనుకుంటారు, కాదు. "రేపు అన్నం తిని వస్తాను" అనడానికి కూడా వాళ్లు తినడం పక్కన 'లె' పెడతారు. మన 'తిని' చూడండి, రేపటి సంగతే అయినా అయిపోయిన పనిలాగే ఉంటుంది కదా. సింగపూర్ వీధి ఇంగ్లీషులో "ఐ ఈట్ ఆల్రెడీ" అంటారే, ఆ 'ఆల్రెడీ' కోటు తొడుక్కున్న 'లె' యే.

ప్యాసేజీలో దీనివల్ల జరిగే నష్టం ఏమిటంటే, 'హ్యాడ్' ను వాళ్ల కళ్లు దాటేస్తాయి. కథలో ఏది ముందు జరిగిందో ఏది తరవాత జరిగిందో చెప్పేది ఆ ఒక్క మాటే అయినప్పుడు, వరస మొత్తం తలకిందులవుతుంది. నేను పన్నెండు టెన్సుల పట్టిక చెప్పను. ప్యాసేజీ పక్కన అడ్డంగా గీత గీయించి, ఒక్కో పనినీ జరిగిన వరసలో దాని మీద గుర్తు పెట్టమంటాను. 'హ్యాడ్' కనిపిస్తే గీత మీద ఎడమకు జరగాలి. మాష్టారూ, మీ టెన్సులు ఇలా అయితే నాకూ ఇష్టమే.

ఎంసెట్_నాన్న

అందరూ పెద్ద పెద్ద విషయాలు చెప్తున్నారు. జూన్‌కు ఎన్ని నెలలుంది? పాత పేపర్లు తెప్పించి రోజుకు నాలుగు ప్యాసేజీలు కొట్టించండి. మావాడికి మేం చేసింది అదే, ర్యాంకు వచ్చింది. పరీక్షను పరీక్షలాగే చూడాలి.

కిరణ్_నాన్‌చాంగ్

అంకుల్, దానికి వీళ్ల దగ్గర 'ష్వా థీ' అనే మాటే ఉంది, లెక్కల మీద లెక్కలు, పేపర్ల మీద పేపర్లు తోమడం. ఈ విద్యలో వీళ్లు మన కార్పొరేట్ కాలేజీలకు తాతలు. ఆ అమ్మాయి ఈపాటికే వందల ప్యాసేజీలు చేసుంటుంది. ఇక్కడి పిల్లల జోకు ఒకటి వినండి. పదాల పుస్తకం అక్షర క్రమంలో ఉంటుంది, మొదటి మాట 'అబాండన్'. ప్రతి ఏడాదీ కొత్తగా మొదలుపెట్టి, ఆ మాట నేర్చుకుని, దాని అర్థం ప్రకారమే పుస్తకం వదిలేస్తారట.

వీళ్ల పద్ధతిలో నాకు నచ్చింది మాత్రం 'త్సువో థీ బెన్', తప్పుల నోటుబుక్కు. తప్పు పోయిన ప్రతి ప్రశ్నా అందులో రాసుకోవాలి. అక్కా, ఆ అమ్మాయికి తప్పకుండా ఉండే ఉంటుంది. అడిగి చూడండి. అందులో ఏ రకం తప్పులు ఎన్ని ఉన్నాయో లెక్కేస్తే అసలు రోగం తెలుస్తుంది.

ఎంసెట్_నాన్న

నోటుబుక్కు మాట బాగుంది తమ్ముడూ. మావాడు ఫిజిక్స్‌కు అలాగే చేశాడు.

సుమతి_సుజౌ

ఆదివారం క్లాసు అయింది. కిరణ్ అన్నట్టే నోటుబుక్కు ఉంది, మూడు రంగుల పెన్నులతో చూడముచ్చటగా! కానీ అందులో తప్పు ప్రశ్న, పక్కన సరైన జవాబు, కింద తెలియని మాటలకు చైనీస్ అర్థాలు. అంతే. ఎందుకు తప్పయిందో ఎక్కడా లేదు.

ఇద్దరం కూర్చుని ఆఖరి ముప్పై తప్పులు మళ్లీ చూశాం. మాట తెలియక పోయినవి నాలుగే. రాధిక గారి పొడుగు వాక్యాలు పదకొండు. ఇంకో ఎనిమిదేమో 'ఇట్', 'దే', 'హర్' ఎవరిని అంటున్నాయో తెలియక. మిగిలిన ఏడూ విచిత్రం. ప్యాసేజీలో ఉన్న మాటే జవాబుల్లోనూ కనిపిస్తే చాలు, దాన్ని టిక్ పెట్టేస్తోంది.

ఈ చివరి రెండింటికీ ఏం చేయాలి?

కిరణ్_నాన్‌చాంగ్

'హర్' గొడవ నాకు వార్డులో రోజూ ఉండేదే. చైనీస్‌లో ఆయన, ఆమె, అది అన్నీ పలకడానికి 'తా' నే. రాసేటప్పుడే మూడు అక్షరాలు వేరు. ఆమెకు వేరే అక్షరం వాడటం కూడా మొన్నమొన్నటిది, 1920 ప్రాంతంలో ల్యూ బన్‌నొంగ్ అనే కవి ప్రచారంలోకి తెచ్చాడు. ఇంగ్లీషు బాగా వచ్చిన మా ప్రొఫెసరు కూడా మగ పేషెంటును చూపించి 'షీ' అంటారు. చదివేటప్పుడూ అంతే, లోపల 'తా' అని వినిపిస్తుంది, 'హర్' ఇచ్చే ఆధారం కాస్తా ఆవిరైపోతుంది.

పద్మ_సింగపూర్

మనం నవ్వక్కర్లేదు కిరణ్. సుమతి గారు పైన "మాటలు వచ్చు దానికి" అని రాశారు. 'దానికి' అంటే ఆ అమ్మాయికి అని మనందరికీ తెలిసింది కదా, ఇంకో భాషవాళ్లు నోటుబుక్కు అనుకోవచ్చు.

ఇది పరీక్షలో నేరుగా వచ్చే ప్రశ్న. గీత గీసి 'ఇట్' దేన్ని సూచిస్తోందని అడుగుతారు. బాణం గుర్తు పెట్టించండి. ప్రతి సర్వనామం నుంచి వెనక్కి, అది ఎవరిదో ఆ మాట దాకా గీత. మొదట్లో పేజీ సాలెగూడులా ఉంటుంది. నాలుగు వారాలు పోతే గీతలు అక్కర్లేదు.

రాధిక_తార్నాక

మాట చూసి టిక్ పెట్టేదానికి నాది. ప్రశ్న తయారుచేసేవాళ్లకు ఈ అలవాటు తెలుసు, వల అక్కడే వేస్తారు. ఉదాహరణకు ప్యాసేజీలో ఇలా ఉందనుకోండి: "మూడు వరదలొచ్చినా తెరిచే ఉన్న కొట్టు, కొత్త వంతెన మొదలైన వారానికే మూతపడింది." కొట్టు ఎందుకు మూతపడింది అని ప్రశ్న. జవాబుల్లో ఒకటి "వరదల వల్ల". ఇంకోటి "మనుషులు ఆ దారిన రావడం మానేశారు." వరద అన్న మాట ప్యాసేజీలో ఉంది, మనుషులు మానేశారని ఎక్కడా లేదు. పిల్లలు వరదనే పట్టుకుంటారు.

జవాబులు మూసేసి ప్రశ్న మాత్రమే చదివించండి. తన జవాబు తనే చెప్పాలి, చైనీస్‌లో చెప్పినా సరే. ప్యాసేజీలో ఏ వాక్యం చూసి చెప్పిందో వేలు పెట్టి చూపించాలి. ఆ తరవాతే నాలుగు జవాబులూ తెరవాలి. రోజుకు నాలుగు ప్యాసేజీలు వద్దు, ఇలా ఒకటి చాలు. వాళ్ల పరిభాషలో ఇది 'జింగ్ దూ', లోతుగా చదవడం. మిగతా టైములో తనకు నచ్చిన తేలిక పుస్తకం ఏదైనా డిక్షనరీ ముట్టుకోకుండా చదువుకోమనండి. పేజీకి నాలుగైదు తెలియని మాటల కంటే ఎక్కువ ఉంటే ఆ పుస్తకం పక్కన పెట్టేయాలి.

తెనాలి_మాష్టారు

అంకెలు మరిచిపోయారు మీరంతా. పేపర్లో జనాభాలు, లక్షలు కోట్లు వస్తాయి కదా. వాళ్లకేమైనా ఇబ్బందా?

కిరణ్_నాన్‌చాంగ్

భలే అడిగారు మాష్టారూ. వాళ్లకు పదివేలకొక మాట, 'వాన్'. తరవాతి మెట్టు 'యీ', అంటే మన పది కోట్లు. మిలియన్‌కు వాళ్ల దగ్గర సొంత మాట లేదు, వంద వాన్ అంటారు. మనం పది లక్షలు అన్నట్టే. బిలియన్ అంటే పది యీ, మనకు వంద కోట్లు. అక్కా, మీరు మిలియన్ చదివినప్పుడు లోపల సున్నాలు ఎలా జరుపుకుంటారో అదే నేర్పండి.

సుమతి_సుజౌ

నాకు ఆర్టికల్స్‌తోనే పెద్ద పేచీ. 'ఎ' ఎక్కడ, 'ది' ఎక్కడ అని అడిగింది. నేను చెవికి బాగున్నచోట పెడతాను, ఆ మాట ఎలా చెప్పను?

రాధిక_తార్నాక

మనకూ వాళ్లకూ ఆర్టికల్స్ లేవు. కానీ వాళ్ల భాషలో ఒక అందం ఉంది. "ఖరెన్ లాయ్ లె" అంటే మనం ఎదురుచూస్తున్న ఆ చుట్టాలు వచ్చారని. అదే తిప్పి "లాయ్ ఖరెన్ లె" అంటే ఎవరో చుట్టాలు ఊడిపడ్డారని. తెలిసిన మనిషి ముందు, తెలియని మనిషి వెనక. 'ది', 'ఎ' చేసే పని వాళ్లు మాటల చోటు మార్చి చేసేస్తున్నారు. ఈ రెండు వాక్యాలూ ఆమె చేతే చెప్పించి, ఇంగ్లీషులోకి మార్చమనండి. తేడా ఆమెకు పుట్టుకతోనే తెలుసు, ఎక్కడుందో చూపించాలంతే. ప్యాసేజీలో 'ది' వస్తే "ఇది ఇంతకుముందు ఎక్కడ వచ్చింది?" అని వెనక్కి చూడటం కూడా అప్పుడే అలవాటవుతుంది.

తెనాలి_మాష్టారు

"అనగనగా ఒక ఊళ్లో ఒక రాజు. ఆ రాజుకు ఏడుగురు కొడుకులు." ఇన్నేళ్లూ నేను చెప్పింది ఇదే. చుట్టాల ఉదాహరణ దీనికంటే బాగుంది.

పద్మ_సింగపూర్

ఒక చిన్న హెచ్చరిక. 'ఆల్దో' తో మొదలైన వాక్యంలో వాళ్లు 'బట్' కోసం ఎదురుచూస్తారు. చైనీస్‌లో 'స్వెయ్‌రాన్' వస్తే 'దాన్‌షి' జంటగా రావాలి. రాయడంలో రెండూ పెట్టి మార్కు పోగొట్టుకుంటారు, చదవడంలో మలుపు ఎక్కడుందో తెలియక తికమక పడతారు. "వర్షం పడినా వచ్చాడు" అన్నప్పుడు మనకు ఒక్క 'నా' సరిపోతుంది కదా, అలా చెప్పండి.

సుమతి_సుజౌ

మూడు వారాలైంది, ఆలస్యానికి క్షమించండి. గొప్ప అద్భుతాలేమీ లేవు. పోయిన ఆదివారం నాలుగు ప్యాసేజీల సెట్ చేసింది, పదిహేనులో పదకొండు. చివరిదైన డి ప్యాసేజీ ఇంకా ముంచుతోంది, సైన్సు విషయాలు, వాక్యం మొదలైతే నాలుగు వరుసలు. పైగా బాణాలు, గీతలు, బ్రాకెట్లతో టైము సరిపోవడం లేదు, పావుగంట ఎక్కువ తీసుకుంది. పద్మ గారూ, గీతలు ఎప్పుడు మాన్పించాలి?

చుట్టాల వాక్యాలు అడిగిన రోజు మాత్రం ఆ పిల్ల పడీ పడీ నవ్వింది. వాళ్లమ్మను పిలిచి చూపించింది. ఆవిడ మర్నాడు యాంగ్‌చెంగ్ సరస్సు పీతలు అరడజను, తాళ్లతో కట్టి, బతికున్నవి తెచ్చి గుమ్మంలో పెట్టింది. ఇక్కడ ఈ కాలంలో అంతకంటే గొప్ప కానుక లేదట. ఆ రోజు శనివారం. మావారు వాటికేసి చూస్తూ గోవిందా అనుకున్నారు.

ఇంకో సంగతి. ముసలాయన వాక్యం తెలుగులో రాసి చూపించమంది. అక్షరం ముక్క తెలియదు కదా, ఒక్కో మాట కింద ఇంగ్లీషు అర్థం రాయించుకుంది. కాసేపు చూసి 'బాగుచేసిన', 'అమ్మిన' రెండింటి చివర 'న' చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, "ఇదేనా మీ దె?" అని అడిగింది.

రాధిక_తార్నాక

ఆ కాగితం పారేయకండి సుమతి గారూ. వీలైతే ఫొటో తీసి పెట్టండి.

పద్మ_సింగపూర్

గీతలు ఇప్పుడే మాన్పించొద్దు. ఎ, బి ప్యాసేజీలకు తీసేయండి, సి, డి లకు ఉంచండి. జనవరి నుంచి గడియారం పెట్టండి, అప్పటిదాకా వద్దు.

ఎంసెట్_నాన్న

పీతలు ఏం చేశారో చెప్పలేదు.

సుమతి_సుజౌ

ఆదివారం దాకా ఫ్రిజ్‌లో పెట్టి మిరియాల పులుసు చేశానండీ. వాళ్లింటికీ ఒక గిన్నె పంపాను. ఆవిడ ఆవిరి మీద ఉడికించుకుని తినాల్సింది కదా అని చాలా బాధపడింది.